సున్నాకి వచ్చిన నంబరు

నరసాపురంలో రేవుకి వెళ్ళే రోడ్డు మీద, మందుల షాపుకీ సెల్‌ఫోన్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. పొడుగే తప్ప వెడల్పు లేదు. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకుని దారివ్వాలి. ఆ కొట్టు యెహెజ్కేలుది. యాభై ఎనిమిదేళ్ళవాడు, బక్కగా పొడుగ్గా ఉంటాడు. మామూలుగా మాట పొదుపు. ఎదటివాడి లెక్కలో తప్పు కనపడిందంటే మాత్రం ఆ పొదుపంతా గాలికి పోతుంది.

కుర్రతనంలో రాజమండ్రిలో ఒక కళ్ళ డాక్టరు గారి దగ్గర పద్నాలుగేళ్ళు పనిచేశాడు. నంబరు చూడటం, అద్దం అరగదీయడం, ఫ్రేములో బిగించడం అన్నీ అక్కడే నేర్చాడు. డాక్టరు గారు పోయాక సొంత ఊరు వచ్చి కొట్టు పెట్టుకున్నాడు. అతని విద్యల్లో ఊరంతా చెప్పుకునేది ఒకటుంది. దూరం చూపుకి రాసిన చీటీ చేతికిస్తే చాలు, దగ్గర చూపు జోడుకి ఎంత నంబరు కావాలో కాగితం కలం లేకుండా చెప్పేస్తాడు. నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. నలభై దాటాక దగ్గర అక్షరాలు అలుక్కుపోతాయి, దాన్నే చత్వారం అంటాం. వయసును బట్టి దానికి ఇంత అని ప్లస్ ఉంటుంది. దూరం నంబరుకి ఆ ప్లస్ కలిపితే వచ్చేదే చదువుకునే నంబరు. మూడో తరగతి కూడిక. అయినా ఆ కూడిక దగ్గరే సగం కొట్లవాళ్ళు బోల్తా పడతారు.

ఒకసారి భీమవరం వైపు నుంచి మాధవరాజు గారని రొయ్యల చెరువులాయన వచ్చారు. వేరే ఊళ్ళో చేయించిన కొత్త జోడు ముక్కు మీద ఉంది, పేపరు ఇంచుమించు ఆ ముక్కుకి ఆనుకుని ఉంది.

"ఏంటండీ ఇది? పేపరు చదవాలంటే పేపర్లోకి దూరిపోవాల్సి వస్తోంది" అన్నారు.

యెహెజ్కేలు చీటీ చూశాడు. దూరానికి మైనస్ ఒకటిన్నర. దాని కింద, కలపాల్సింది ప్లస్ రెండు. జోడు చేసిన మహానుభావుడు కలపమన్నదాన్ని కలపకుండా ఆ రెండునే తీసుకెళ్ళి అద్దంలో పెట్టేశాడు.

"రాజుగారూ, చెరువులో అడుగున్నర లోతున్నచోట రెండడుగుల పీట వేశారనుకోండి. నీళ్ళ పైకి ఎంత కనపడుతుందండి?"

"అరడుగు."

"అదేనండి మీ నంబరు. మైనస్ ఒకటిన్నరకి ప్లస్ రెండు కలిపితే ప్లస్ అర. అంతోటి అరకి ఇంకో జోడెందుకండి? దూరం జోడు తీసేసి చదువుకోండి."

రాజుగారు తీసి చూసుకున్నారు. కాస్త చెయ్యి చాపి, హాయిగా చదువుకున్నారు. చేతికొచ్చిన బేరం అలా పోయింది. యెహెజ్కేలుకి మాత్రం ఆ పూటంతా పెళ్ళివారింట్లో ఉన్నంత సంబరం.

నిజాన్ని ఇలా మొహం మీద చెప్పే గుణానికి కొట్లో గౌరవం దక్కేది, చర్చిలో చీవాట్లు దక్కేవి. రెండేళ్ళ కిందట ఆదివారం ఆరాధనలో ఒక ముసలాయన లేచి సాక్ష్యం చెప్పాడు. ప్రార్థనకి జవాబుగా తనకు చత్వారం పోయిందనీ, డెబ్బై రెండేళ్ళ వయసులో జోడు లేకుండా వాక్యం చదువుతున్నాననీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. యెహెజ్కేలు బయటకు వచ్చే దాకా ఆగడమే గొప్ప. మెట్ల దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని, పదిమంది వింటుండగా చెప్పేశాడు.

"బాబాయి గారూ, అది శుక్లం ముదరడం అండి. శుక్లం వల్ల దూరం నంబరు మైనస్‌లోకి జారిపోతుంది. అందుకని దగ్గర బాగుపడినట్టు ఉంటుంది. తొందరగా ఆపరేషన్ చేయించుకోండి."

ముసలాయన చేయించుకున్నాడు. చూపు బాగుంది. అయినా యెహెజ్కేలుకి మెప్పు రాకపోగా, దేవుడి పనికి అడ్డొచ్చిన మనిషి అన్న పేరు వచ్చింది. అతని భార్య సంపూర్ణమ్మ నెల రోజులు మొహం చెల్లక చివరి బల్లలో కూర్చుంది.

"మీకు తెలిసిందల్లా చెప్పెయ్యాలా ఏంటండీ? ఆ ముసలాయన సంతోషం మీకేం అడ్డొచ్చింది?" అని ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళ కాపరంలో అతన్ని ఒక్క కోరికా కోరని మనిషి అలా ఏడవడం యెహెజ్కేలుకి మింగుడుపడలేదు. ఇంకెప్పుడూ చర్చి విషయంలో నోరెత్తకూడదనుకున్నాడు.

సంపూర్ణమ్మ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది చేసే పనే. పదేళ్ళప్పుడు వాళ్ళమ్మ చేతికిచ్చిన కొక్కెం సూది యాభై నాలుగేళ్ళ వరకూ కింద పెట్టలేదు. ఆమె అల్లిన పువ్వుని తిరగేసి చూసినా ముడి కనపడదని పక్కింటి లోవలక్ష్మి చెప్పుకునేది, ఆవిడా ఆ పనిలో పండిన మనిషే. కానీ యాభై దగ్గరపడ్డాక సన్నదారం కనపడక సంపూర్ణమ్మ కూడా జోడు పెట్టాల్సి వచ్చింది. దూరానికి ప్లస్ అర, కలపాల్సింది రెండు, వెరసి రెండున్నర. యెహెజ్కేలే చూసి, తనే చేసి పెట్టాడు. ఆ జోడంటే ఆమెకు మహా చికాకు. చెమటకి జారిపోతుంది. తలెత్తి చూస్తే ఇల్లంతా మసకమసగ్గా ఉంటుంది. రెండు గంటలు అల్లితే తలనొప్పి.

కిందటేడు చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయని సంఘం పెద్ద పండగ తలపెట్టింది. ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం ఉంచే బల్ల మీద పరిచే లేసుగుడ్డ సంపూర్ణమ్మ చేతి మీదుగా రావాలని సామ్యేలు పాస్టరు గారు అడిగారు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక భయపడింది. అంచు నిండా ద్రాక్షగుత్తులు, మధ్యలో గోధుమ కంకులు, అదంతా వెంట్రుకలాంటి దారంతో. చూపు ఇవ్వు తండ్రీ అని రోజూ తెల్లవారుజామున మోకాళ్ళ మీద కూర్చునేది. యెహెజ్కేలు కాఫీ కలుపుకుంటూ వినేవాడు.

మాఘమాసం చివర ఒక శనివారం పొద్దున్న అతను కొట్టుకి బయలుదేరుతుంటే లోపలి నుంచి కేక వినపడింది.

"ఏవండీ! ఒక్కసారి రండి! జోడు లేకుండా సూది కనపడుతోందండి!"

వెళ్ళి చూశాడు. కిటికీ దగ్గర కూర్చుని, జోడు పక్కన పడేసి, చకచకా అల్లేస్తోంది. మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది. "మంచిదే" అన్నాడు. అన్నాడే గాని, ముప్పై ఏళ్ళ అలవాటు, బుర్రలో కూడిక దానంతట అదే మొదలైపోయింది. రెండున్నర కావాల్సిన కంటికి ఏమీ అక్కర్లేదంటే ఆ రెండున్నర ఎక్కడికి పోయింది? చత్వారం వచ్చేదే గాని పోయేది కాదు. కలపాల్సిన రెండు అలాగే ఉంటుంది. రెండు కలిపాక సున్నా వచ్చిందంటే, దూరం నంబరు మైనస్ రెండుకి పడిపోయి ఉండాలి.

"ఆ వీధి చివర ట్యాంకు మీద రాసింది చదవగలవా?" అని అడిగాడు.

"దూరంతో నాకేం పని అండీ? నా పని నా చేతుల్లోనే ఉంది" అని నవ్వింది.

రేపు మధ్యాహ్నం సరిగ్గా చూద్దాంలే అనుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు. కానీ రేపు మధ్యాహ్నానికి ముందు రేపు పొద్దున్న ఉంది కదా. ఆదివారం ఆరాధనలో సంపూర్ణమ్మ లేచి నిలబడింది. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మనిషి, చెంగు నలుపుకుంటూ, తనకు చూపు తిరిగి వచ్చిందని సాక్ష్యం చెప్పింది. చేతిలో అల్లుతున్న గుడ్డ పైకెత్తి చూపించింది. ఆడవాళ్ళు ఏడ్చారు. చప్పట్ల మధ్య కొందరు వెనక్కి తిరిగి యెహెజ్కేలు వైపు చూశారు, ఇప్పుడేమంటావు అన్నట్టు. అతను తల దించుకుని పాటల పుస్తకం తిరగేశాడు.

ఆ మధ్యాహ్నం అద్దాల పెట్టె ఇంటికి తెచ్చి, సరదాకి చూస్తానని చెప్పి ఆమె కళ్ళకి అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేము పెట్టాడు. గోడకి అక్షరాల అట్ట తగిలించాడు. ఒక్కొక్క అద్దమే మార్చాడు. రెండు కళ్ళకీ సరిగ్గా మైనస్ రెండు. టార్చి వేసి చూస్తే శుక్లం ఛాయ కూడా లేదు. ఇక మిగిలింది ఒకటే. ఒంట్లో సుగరు విపరీతంగా పెరిగితే కంట్లో కటకం ఉబ్బి నంబరు ఇలా మైనస్‌లోకి జారుతుంది. ఇది అతనికి కొత్త సంగతి కాదు. నంబరు ఊరికే మారుతోందని ఎవరైనా కొట్టుకి వస్తే, "ముందు సుగరు చూపించుకుని రండి, జోడు తర్వాత చేద్దాం" అని వెనక్కి పంపడం అతని పద్ధతి. అలా పంపితే బయటపడ్డవాళ్ళు ఆ వీధిలోనే నలుగురున్నారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు చూడండి, అలా ఉంది అతని పని. ఆమె పక్కన ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ళ సీసా, ఊరికే లేచి దొడ్లోకి వెళ్ళడం, వదులైపోయిన జాకెట్లు, అన్నీ ఆ క్షణంలో ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఎంతొచ్చిందండీ?" అని అడిగింది సంపూర్ణమ్మ, ఫ్రేము ఇంకా ముక్కు మీదే ఉంది. అందులోంచి ఆమె కళ్ళు పండగనాటి పిల్ల కళ్ళలా మెరుస్తున్నాయి.

చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సామ్యేలు పాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు, శుక్రవారం మీ ఇంట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం అని. సంపూర్ణమ్మ ఫ్రేము తీసేసి కుర్చీ వెయ్యడానికి పరుగెత్తింది. యెహెజ్కేలు అద్దాలు ఒక్కొక్కటీ పెట్టెలో సర్దుకున్నాడు. కూడిక అయిపోనీ, శనివారం చెబుదాం అనుకున్నాడు.

శుక్రవారం ఇల్లు పట్టనంత మంది వచ్చారు. పాటలు, ప్రార్థన, పులిహోర. ఎవరో ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. సంపూర్ణమ్మ రెండు తిని మూడోది తీసుకుంటుంటే యెహెజ్కేలు ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. "పెళ్ళాం తినేదాంట్లో కూడా వాటాయేనా అయ్యగారికి!" అని లోవలక్ష్మి వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అలా నవ్వినందుకు తర్వాత తనని తాను ఎన్నిసార్లు చెప్పు తీసుకుని కొట్టుకోవాలనుకున్నాడో లెక్కలేదు.

శనివారం చెప్పలేదు. శతవార్షికం అయిపోనీ అనుకున్నాడు, అది ఇంకా పదకొండు వారాలుంది. ఈలోగా కాఫీలో పంచదార తగ్గించాడు, రాత్రిపూట అన్నం మానేసి రొట్టెలు తిందాం అన్నాడు. ఒకసారి ధైర్యం చేసి "రక్తపరీక్ష ఒకటి చేయించుకుందాం, వయసొచ్చింది కదా" అన్నాడు. "గుడ్డ అయ్యాక వస్తానండి, ఇప్పుడు ఒక్క పూట పోయినా కష్టం" అంది. ఆమె అలా అన్నందుకు అతనికి లోపల హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి. ఇంకో మాట కూడా ఉంది. దాన్ని అతను ఎవరితోనూ అనలేదు. జీవితంలో మొదటిసారి, తన కూడిక తప్పయితే బాగుండునని, ఆమె చెప్పిందే నిజమైతే బాగుండునని ఆశపడ్డాడు.

గుడ్డ పూర్తయింది. పండగ రోజు బల్ల మీద పరిచారు. వెనక వరసలో కూర్చున్న సంపూర్ణమ్మకి అక్కడి నుంచి తెల్లటి మసక తప్ప ద్రాక్షగుత్తి ఒక్కటి కూడా కనపడలేదు. "తెల్లగా కనపడుతోంది, చాలండి" అని అతని చెవిలో చెప్పింది.

తర్వాతి బుధవారం పొద్దున్న మొహం కడుక్కుంటూ కంట్లో నల్లదారాలు తేలుతున్నాయంది. లేసు దారం నలుసు పడిందేమోనని నీళ్ళు కొట్టుకుంది. సాయంత్రానికి ఆ కంటికి ఎర్రటి తెర అడ్డం పడింది. యెహెజ్కేలు మర్నాడు మొదటి బస్సుకే రాజమండ్రి తీసుకెళ్ళాడు. సుగరు నాలుగు వందల అరవై. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆమెకే తెలియదు, పదేళ్ళ నుంచి ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. రెండు కళ్ళ వెనక పొరల నిండా రక్తం చిమ్మి ఉంది.

"మధ్యలో నంబరు ఏమైనా మారిందా?" అని అడిగాడు ఆ కుర్ర డాక్టరు, రాసుకుంటూ.

"మారిందండి" అన్నాడు యెహెజ్కేలు.

"ఎప్పుడు?"

"మూడు నెలలైందండి."

డాక్టరు తలెత్తి చూశాడు. "మీరు ఈ పనిలోనే ఉన్నానన్నారు కదండీ? అప్పుడే తీసుకొచ్చి లేజరు చేయించి ఉంటే ఒక కన్నైనా దక్కేదేమో."

సంపూర్ణమ్మ అప్పుడు ఆ గదిలో లేదు, పక్కగదిలో కంట్లో చుక్కలు వేయించుకుంటోంది.

ఇంజెక్షన్లు వేశారు, లేజరు చేశారు, ఒక కంటికి ఆపరేషన్ చేశారు. వర్షాలు పడే నాటికి రెండు కళ్ళూ పోయాయి. కిటికీ ఎటుందో తెలిసేటంత వెలుతురు మిగిలింది. సుగరు మాత్రం చక్కగా అదుపులోకి వచ్చింది. మందులు వేసుకున్న నెలకే దూరం నంబరు మళ్ళీ పాత ప్లస్ అరకి వచ్చేసి ఉంటుందని యెహెజ్కేలుకి తెలుసు. దానికి రెండు కలిపితే రెండున్నర. కూడిక సరిగ్గానే ఉంది, చూడటానికి కన్నే లేదు.

నడవగలిగాక సంపూర్ణమ్మ చర్చికి తీసుకెళ్ళమంది. అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. అతను పక్కనే ఉన్నాడు.

"దేవుడు నాకు చూపు ఇచ్చాడు. మీరందరూ చూశారు. నేను దాంతో ఆయన మహిమ కోసం అల్లలేదండి. ఇంత సన్నంగా నేను తప్ప ఎవరు అల్లగలరని అల్లాను. గర్వపడ్డాను. అందుకే ఇచ్చిన చేత్తోనే తీసుకున్నాడు. తప్పు నాది" అంది.

చర్చిలో ఏడవనివాళ్ళు లేరు. ఎవరో పాట ఎత్తుకున్నారు. యెహెజ్కేలు లేవాలనుకున్నాడు. బల్ల అంచు పట్టుకున్నాడు కూడా. ముసలాయన్ని మెట్ల మీద నిలదీసిన నోరు, సగం జిల్లా కొట్లవాళ్ళ తప్పులు ఎత్తి చూపిన నోరు, ఆ పూట పెగల్లేదు. పాట అయిపోయింది, అందరూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా కింద కూర్చుని అంతా చెప్పాడు. ట్రయల్ ఫ్రేము పెట్టిన ఆ మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టాడు.

"నీకు దూరం మైనస్ రెండుకి పడిపోయింది, సంపూర్ణం. దానికి చత్వారం రెండు కలిపితే సున్నా. అందుకే నీకు జోడు అక్కర్లేకపోయింది. అంతే. ఇంకేం జరగలేదు. అది సుగరు. ఆ రోజే నాకు తెలుసు."

ఆమె తల కాస్త వంచి విన్నది. "మీరు లెక్క వేసినా సున్నాయే వచ్చిందా అండీ?"

"వచ్చింది."

"చూశారా మరి!" ఆ గుడ్డి మొహం మీద వెలుగు వచ్చింది. "దేవుడు అద్దంతో పని లేకుండా చేశాడని మీ అద్దాల పెట్టే చెప్పింది. మీరు నమ్మరేమోనని ఇన్నాళ్ళూ నాకు బెంగగా ఉండేది."

"అది కాదు. విను. నాకు తెలిసి దాచాను. అప్పుడే చెప్పి ఉంటే నీకు చూపు ఉండేది. నీ కళ్ళు పోగొట్టింది నేను. నువ్వు కాదు, దేవుడు కాదు."

సంపూర్ణమ్మ చేతులు చాపి గాల్లో వెతికింది. అతని భుజం తగిలింది, మెడ తగిలింది, నోరు దొరికింది. దాని మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"నా పాపం మీ నెత్తిన వేసుకోకండి. నాకు ఓదార్పుగా ఉంటుందని అలా అంటున్నారు, నాకు తెలియదా? ముప్పై ఏళ్ళు చూశాను మిమ్మల్ని. ఎవరికి కోపం వచ్చినా మొహం మీద చెప్పేసేవారే గాని, నిజం దాచుకునే మనిషి కాదు మీరు. ఊళ్ళో ఎవరినైనా అడగండి."

ఆమె చెయ్యి తీసే దాకా ఆగి, అతను మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. డాక్టరు అన్న మాట కూడా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, చివర్న అతని తల నిమిరింది.

"వచ్చే ఆదివారం కూడా తీసుకెళ్ళండి. ఇంకోసారి అందరి ముందూ ఒప్పుకుంటాను. పూర్తిగా ఒప్పుకోలేదేమో నేను."

యెహెజ్కేలు తీసుకెళ్ళాడు.